తాడు పొడుగు

బిడ్డకింకా పేరు పెట్టలే.
సీసా మీది చీటీల "రజిత బిడ్డ" అని ఉన్నది,
వయసు తొమ్మిది రోజులు,
ఊరు తాడ్వాయి అవతల ఏదో గూడెం,
వాన తడికి అక్షరం చెదిరింది.

జరమొస్తే తెలుస్తుండె, అన్నదట ముసలవ్వ.
జరం రాలే.
ఒళ్లు చల్లబడ్డది, ఏడుపు సన్నబడ్డది,
రొమ్ము నోటికందిస్తే
పెదవి కదపకుంట అట్లనే పండుకున్నడు.
ఒక దినమంత దాన్ని మంచితనమనుకున్నరు.
"ఎంత నెమ్మదో, పోరడు జరంత సతాయించడు."

మా నాయినకైతే దొరికిపోతుండె.
ధర్మసాగర్ దిక్కు బీళ్లల్ల
రెండు వందల జీవాల నడుమ నిలబడి
పొదుగుకాడికి పోని పిల్ల ఏదో
దానొక్కదాన్నే చూసేటోడు.
"అరిచేదాని రంది లేదు బిడ్డా,
ఊకున్నదే పోతది."

నేను జీవాల ఎంట పోలే.
ఇంటర్ల సైన్సు, ఆ ఎనుక ల్యాబ్ కోర్సు,
ఇప్పుడు వరంగల్ పెద్దాసుపత్రిల రాత్రి డ్యూటీ.
అయినా గొర్రె నన్ను ఇడిచిపెట్టలే.
గాజుపూసలేసి గిలకొట్టిన గొర్రె నెత్తురు
గోరువెచ్చని అగర్ల కలిపి
పళ్లేలల్ల పోస్త.
ఎర్ర నేల. నాకున్న భూమి గిదే.

పదమూడు గంటలకు సీసా మసకబారింది.
ఒక చుక్క అద్దం మీద రాసి, మంట మీద ఆరబెట్టి,
ఊదారంగు పోసి, కడిగి, ఎరుపు పోసి చూస్తే
బొద్దుగ, గులాబిరంగు కడ్డీలు,
బతుకమ్మ పేర్చంగ రాలిన రెక్కల లెక్క.
ఇంత అందంగ ఉండుడు అన్యాయం.

ఫోన్ చేసిన.
పిల్లల వార్డుల వసుధ మేడం
నేను మాట ముగించకముందే
"గ్రామ్ నెగటివా?" అన్నది.
ఇద్దరం కొంచెంసేపు ఊకున్నం.
కాజీపేట దిక్కు గూడ్సుబండి కూసింది.

ఇంకో పళ్లెం, నెత్తురు లేనిది, లేత గడ్కరంగుది.
దాని మీద పురుగును పరిచి
నడుమ నడుమ మందు కాగితం బిళ్లలు పెడితే,
తెల్లారి చూడాలె:
గుంజకు కట్టిన పొట్టేలు
తాడు పొడుగంత మేసినట్టు
బిళ్ల చుట్టూ గుండ్రంగ ఖాళీ కావాలె.

మొదటి బిళ్ల: గుంజ దాకా గడ్డే.
రెండోది: గడ్డే.
మూడోది, దగ్గుకూ విరేచనాలకూ
ఊకె ఉండబట్టకా మనం మింగే మూడోది:
గడ్డే.
తాడు ఇంత కురచగ ఎవరు కోసిన్రు?
ఊరి డాక్టర్ని తిట్టబోయిన.
మా ఇంట్ల ఫ్రిజ్జు తలుపుల గులాబి మందు యాదికొచ్చింది,
మా చిన్నోనిది, సగం సీసా,
మూడు రోజులకే నయమైందని నేనే మూత పెట్టిన.

నాలుగోది అమికాసిన్.
ఇరువై ఒక్క మిల్లీమీటర్లు.
స్కేలు రెండుసార్లు పెట్టిన.
చేతులు వణికి కాదు,
ఇంకోసారి చూడాలనిపించి.

ఫోన్ల చెప్తే సరిపోవు గని
కాగితం పట్టుకొని నేనే మెట్లెక్కిన.
గాజుతలుపు ఇవతల రజిత,
పందొమ్మిదేండ్లుంటయేమో, చెప్పులు చేతుల పట్టుకొని.
"పేరేందక్కా?" అన్నది.
బిడ్డ పేరు నన్నడుగుతదేంది అనుకున్న.
"లోపట ఉన్నదాని పేరు."
క్లెబ్సియెల్లా, అన్న.
నోరు తిరగలే. రెండుమాట్లు అని చూసింది.
"గంత పెద్ద పేరు పెట్టిన్రా దానికి?
నా కొడుక్కింకా పెట్టనేలే."
నవ్వాల్నో వద్దో ఇద్దరికీ తెల్వలే.

మందు మార్చిన్రు. పద్నాలుగు రోజులంట,
ఇప్పుడే ఏం చెప్పలేం, అన్నది మేడం.

మూడోనాటి రాత్రి
వార్డు నర్సు సుగుణక్క కిందికొచ్చి ఒకటే తిట్లు:
తాడ్వాయి పోరడు పాలకోసం వార్డంత లేపుతున్నడు,
ఎవ్వల్ని పండుకోనిస్తలేడు.

అరవనియ్యి అక్కా,
అరవనియ్యి.