నడిమి వంకకు ఏ రంగు

అనంతపురంలో ఐదు రోజుల శిక్షణ.
మెడలో తగిలించుకునే కార్డు మీద నా పేరు తప్పుగా కొట్టినారు:
చౌడేశ్వరి కాస్తా చూడేశ్వరి అయింది.
దిద్దిస్తానన్నాడు గుమాస్తా.
ఉండనీలేప్పా అన్నా,
అవతల ఉగ్గాని చల్లారిపోతా ఉంది.

మొదటి రోజంతా రంగులే.
ఇళ్లకు పసుపు, అంగళ్లకు నీలం, ఫ్యాక్టరీలకు వంకాయ రంగు,
పార్కుకు పచ్చ, ఉన్నా లేకున్నా.
గుత్తి నుంచి వచ్చిన వన్నూరప్ప లేచి అడిగినాడు:
"మేడం, ఎండాకాలం పిల్లోళ్లు క్రికెట్టు ఆడేది,
ఏడాదికొక్క రాత్రి నీళ్లు పొర్లేది,
తక్కిన దినాలన్నీ పందులు తిరిగేది,
దానికి ఏ రంగు?"
హాలంతా నవ్వినాం.
మేడం నవ్వలేదు.
"దాన్ని మీరేమంటారు?"
"వంక అంటాం."
"వంక అనే రాయండి. రంగు తర్వాత చూద్దాం."

మా పక్క ఆ మాటకు కరువు లేదు.
ఆ వంక ఈ వంక చూసేదానికి అదే మాట,
సంబంధం వద్దనేదానికి అదే మాట,
రంజాను ముందు మిద్దెలెక్కి వెతుక్కునేదాంట్లోనూ అదే.
నీళ్లు నడిచే దోవకు కూడా అదేనని
కొత్త కాలనీలకు తెలీదు.
మురిక్కాలువ అంటారు, ముక్కు మూసుకుంటారు.

మూడో రోజు ల్యాప్‌టాప్‌లు, ఇద్దరికొకటి.
బొద్దింకలు కొరికిన పాత గ్రామ పటాన్ని
ఉపగ్రహం ఫొటో మీద పరవాల.
మూడు గుర్తులు కలిస్తే చాలన్నారు:
ఒక సర్వే రాయి, రైలు గేటు, పాత మసీదు.
కలిసినాయి.
దుప్పటి కప్పినట్టు పాత ఊరు కొత్త ఊరి మీద పడింది.
ఆ దుప్పటి కింద నుంచి వంక
నిద్రలో కాళ్లు చాపినట్టు
పదకొండు వీధుల్లోకి చాపుకుంది.

గట్టు నుంచి తొమ్మిది మీటర్లకు గీత గీయమన్నారు.
మౌసు పట్టుకోని గీస్తా పోయినా.
గీత షాదీఖానా గోడ దాటింది,
ట్రాన్స్‌ఫార్మర్ను రెండుగా కోసింది,
పోయి పోయి ఒక వంటింట్లో దూరింది.

ఆ వంటిల్లు నాకు తెలుసు.
తూర్పు గోడకు పొయ్యి, కిటికీ కింద బిందె.
కొలతలు చూడను పోయినప్పుడు
ఓబుళేసు పెండ్లాం తిరుపాలమ్మ
చెక్కర ఎక్కువేసి టీ పోసిచ్చింది.
ఆ ఫైలు మీద
పచ్చ ఇంకు కాదు, మామూలు నీలం బాల్‌పెన్ను,
సంతకం నాది.

"ఏమక్కా, స్క్రీను ఆగిపోయిందా?"
పక్కన గుంతకల్లు పిల్లోడు.
స్క్రీను ఆగలేదు.

నాలుగో రోజు వంక ఎంబడి నడిపించినారు.
పంక్చర్ల అంగట్లో మస్తానయ్య
గోడకున్న మేకు చూపించినాడు, దానికి ట్యూబులు వేలాడతాండాయి.
"ఆ రాత్రి నీళ్లు ఈడికి. మేకు కొట్టింది అందుకే.
ట్యూబులు తర్వాత తగిలించినా."
అందరం ఫొటో తీసుకున్నాం.
మస్తానయ్య పక్కకు జరిగినాడు, ఫొటోలో అడ్డమని.

చివరి రోజు గ్రూపు ఫొటో, స్టీలు టిఫిన్ డబ్బా, సర్టిఫికెట్టు.
సర్టిఫికెట్టు మీద పేరు సరిగానే ఉంది.
ఎందుకో కొంచెం చిన్నబోయినా.

సోమవారం నేను పోయేటప్పటికే
సచివాలయం మెట్ల మీద ఓబుళేసు,
చేతిలో కవరు:
పైన రెండు రూములకు పర్మిషను.
నేను నీళ్లు నమిలేది చూసి
"వంక పెడతాండావా మేడం?" అన్నాడు.
"అవునప్పా," అన్నా, "పటంలో."
అర్థం కాలేదు ఆయప్పకు.
"నీళ్లొస్తే ముసలామెను పైకి ఎక్కించేదానికే కదా
అడుగుతాండేది," అన్నాడు.

ఈ ప్రశ్న ఐదు రోజుల్లో ఏ పూటా రాలేదు.
నోట్సు తిరగేసినా, రంగులే ఉన్నాయి.

కుర్చీ ఇటు జరుపుకోమన్నా.
పటం తెరిచినా.
మొదట గీత కాదు,
నా సంతకం చూపించినా.
రెండు టీలు చెప్పినా, చెక్కర ఎక్కువేసి.