మధ్య అంతస్తు

కుటైసీలో నవంబరు అంటే ఆరింటికే చీకటి.
మూతపడ్డ సిల్కు మిల్లు మేడ మీద
పదకొండు మందిమి, కోట్లు విప్పకుండానే కూర్చున్నాం.
దారెజాన్ టీచర్ బోర్డు తుడిచి
ఇవాళ పరోక్ష కథనం అంది.

ఏం లేదు,
ఒకరి మాటని ఇంకొకరి దాకా మోసుకెళ్లడం.
దారిలో కాలం ఒక మెట్టు దిగుతుంది.
'విల్' కాస్తా 'వుడ్' అవుతుంది.
'ఇక్కడ' జరిగి జరిగి 'అక్కడ' కూర్చుంటుంది.
'రేపు' రాకముందే పాతబడి 'ఆ మర్నాడు' అయిపోతుంది.
కొటేషన్ గుర్తులు
పాత కోటు గుండీల్లా ఊడి రాలిపోతాయి.

నాకు నవ్వొచ్చింది.
చౌక విమానాలు దిగే పోలండు కుర్రాళ్లకి
గది అద్దెకివ్వడానికి ఇంగ్లీషు కావాలి గానీ
యాభై నాలుగేళ్లదాన్ని, మాటలు మొయ్యడం నాకు కొత్తా?

మా మెట్లదారిలో కింద ఎతేరి, పైన జుజునా, మధ్యన నేను.
పన్నెండేళ్లుగా వాళ్లిద్దరికీ మాటల్లేవు.
ఎందుకో నాకు తెలుసు, చెప్పను.
ఎతేరి పెరట్లో నాటిన ద్రాక్షతీగకి మాత్రం ఆ సంగతి తెలీదు.
నా కిటికీని ఒరుసుకుంటూ పైకి పాకి
జుజునా బాల్కనీ కమ్మీలు పట్టుకుంది.

మా జార్జియన్‌లో కాలం మెట్లు దిగక్కర్లేదు.
అన్నది అన్నట్టే ఉంచి చివర 'ఓ' తగిలిస్తే చాలు,
ఇది వేరేవాళ్ల మాట, నన్ను తిట్టకు అని.
'మెత్కి' అంటే, నేనే అన్నాను అని.
'త్కో' అంటే, పో, పోయి నా మాటగా చెప్పు అని.
పన్నెండేళ్లు నేను ఆ త్కో కింద కూలి చేశాను.

"తీగ ఇంకొక్క జానెడు పాకితే కత్తెర తీస్తాను-త్కో"
అంది జుజునా, పోయిన నెల.
ఇరవై రెండు మెట్లు నా గుమ్మానికి, ఇంకో ఇరవై రెండు ఎతేరి గుమ్మానికి.
ఏ మెట్టు మీద మారిందో,
నా నోట్లోంచి వచ్చింది మాత్రం:
"ఈ ఏడు కాపు బాగుంది-ఓ."

ఎతేరి చాలాసేపు నా మొహం చూసింది.
గిన్నెడు నల్ల పళ్లు చేతిలో పెట్టి
"తింటే తిననీ, లేకపోతే కోళ్లకి వెయ్యనీ-త్కో" అంది.
పైకెక్కి నేను చెప్పింది:
"పులుపు తగ్గేదాకా ఆగి కోశాను-ఓ."

మొదటి హోంవర్కులో ఆ కాపు వాక్యమే రాశాను.
కాలం సరిగ్గా దిగింది, 'ఈ ఏడు' 'ఆ ఏడు' అయింది.
ఎర్రసిరాతో పెద్ద టిక్కు.
రెండో వారం తిరగేసి ఇచ్చింది టీచర్:
పరోక్షం చూసి, ఆమె అసలు అన్న మాటలు రాయండి.

అసలు మాటలు.
పెన్ను మూత నములుతూ కూర్చున్నాను.
గంట కొట్టేసరికి ఆ గీత ఖాళీగానే ఉంది.

శుక్రవారం ఎతేరి మంచు మీద జారి మడమ విరగ్గొట్టుకుంది.
సాయంత్రం పైనుంచి చెప్పుల చప్పుడు.
నా గుమ్మం దగ్గర ఆగుతుందనుకున్నాను.
ఆగలేదు.

తలుపు వెనక నిలబడ్డాను, పొయ్యి మీద బీన్సు మాడుతున్నా.
అయిపోయింది, ఇద్దరూ ఇప్పుడు లెక్కలు చూసుకుంటారు,
నువ్వలా అన్నావట, నేనెప్పుడన్నాను అని.
పన్నెండేళ్ల అబద్ధం, ఒక్కొక్క మెట్టూ బయటికొస్తుంది.

కింద తలుపు తెరుచుకుంది.
ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత జుజునా గొంతు, బొంగురుగా,
వాడక తుప్పుపట్టిన తాళంలా:
"నీ తీగ ఈ ఏడు బాగా కాసిందే."

చివర ఓ లేదు.

పొయ్యి కట్టేసి నోట్‌బుక్కు తీశాను.
ఖాళీ గీత మీద ఆ మాటలు రాసి
అటు రెండు, ఇటు రెండు
గుండీలు కుట్టాను.