పిడికెడు రవ్వ

రవ్వ మరిచిపోయాను.
మృదంగం, గట్టురాయి, చెక్కపుల్ల,
మార్చుకోవడానికి చీర, అన్నీ వచ్చాయి.
విజయనగరంలో వంటింటి గట్టు మీద
స్టీలు డబ్బాలో ఉండిపోయింది
నా ఎడమ చేతికి గొంతునిచ్చే బొంబాయి రవ్వ.

కచేరీ ఆరున్నరకి, టౌన్‌హాల్లో.
ఇప్పుడు రెండు.
యజ్ఞేశ్వరి గారు లాడ్జిలో
మెడకి తడిగుడ్డ చుట్టుకుని పడుకున్నారు.
వయొలిన్ కుర్రాడు ఫోన్లో ఎవరితోనో గొడవ.
చెప్పులేసుకుని నెల్లూరులోకి దిగాను.

లాడ్జి కిందే కిరాణా కొట్టుంది.
చూడనట్టు దాటిపోయాను.

ట్రంకు రోడ్డు మీద నన్నెవరూ ఎరగరు.
మా ఊళ్లో నాలుగడుగులకొకరు
"ఏం టీచరమ్మా, ఇవాళ క్లాసు లేదా" అంటారు.
ఇక్కడ నేను ఎవరికీ బాకీ లేని మనిషిని.
చీరల కొట్టు అద్దంలో
గొడుగు లేని ఒకావిడ నాతోపాటు నడిచింది,
కాస్త లావుగా, తొందర లేకుండా.

ఊరు తాళం వేస్తోందని
నా శిష్యులెవరైనా రాస్తే కొట్టేస్తాను.
ఆటోలు ఏ లెక్కకీ నిలవవు.
చిన్నబజారులో బిందె సొట్ట తీసేవాడు
నాలుగు దెబ్బలు కొట్టి
ఐదోది మరిచి బీడీ వెలిగించుకున్నాడు.
ఆ ఐదో దెబ్బ కోసం
వీధి చివరిదాకా వీపుతో వింటూ నడిచాను.

సంతపేటలో బండి దగ్గర కారం దోశ.
కళ్లలోంచి నీళ్లు కారుతుంటే
"ఏవూరు మ్మే నీది, కారానికే ఏడస్తా ఉండావా" అని
బండామె మరో గరిటెడు చట్నీ పోసింది.
చేతులు మూడుసార్లు సబ్బుతో కడిగాను.
వేళ్ల సందుల్లో కారం మిగిలి
మధ్యలో కన్ను నలుపుకున్నానా,
కచేరీ అంతే.

పెన్న ఎటని అడిగితే
చేపల గంప మీద గోనె తడుపుతున్న ముసలామె
ముందు తన పేరు చెప్పింది, పెంచలమ్మ అని.
తర్వాత దారి చెప్పింది:
"తిన్నంగా పో. రంగనాయకుల గోపురం కనబడతాది.
దాని వెనకాల్నే ఏరు.
నీళ్లుండాయో లేదో నన్నడగబాక."

ఉన్నాయి, కొంచెం.
ఇసకే ఎక్కువ. దూరంగా రైలు వంతెన,
తెల్లవారుజామున నేను నిద్రలో దాటింది.
ఇద్దరు పిల్లలు మోకాటి లోతులో
పాత తువ్వాలు పరిచి చేపపిల్లల్ని పడుతున్నారు.
తువ్వాలు ఎత్తిన ప్రతిసారీ
నీళ్లు మాత్రమే పడుతున్నాయి, అవీ కారిపోతున్నాయి.
గట్టు మీద కూర్చున్నాను.
తొడ మీద వేళ్లు ఆడించకుండా కూర్చోవడం
పదహారేళ్లలో ఇదే మొదలనుకుంటా.

ఐదుంబావు!

పరుగులో దొరికింది మస్తానయ్య కొట్టు.
"బొంబాయి రవ్వ, పిడికెడు."
"పిడికెడా? ఎంతమందికక్కా ఉప్మా?"
"మూడొందల మందికి."
అతని మొహం చూసి జాలేసి నిజం చెప్పాను.
అదీ నమ్మలేదు.
బియ్యం బస్తా మీద రెండు చేతులా వాయించి
"ఇట్టనా? ఆడోళ్లా?" అన్నాడు.
ఇట్టనే, అన్నాను.
ఐదు రూపాయలు తీసుకున్నాడు.
"తొమ్మిదికి కొట్టు కట్టేసి వస్తాలే."
"అప్పటికి అయిపోతుంది."
"అయితే గట్టిగా కొట్టు. ఈడికి ఇనపడాల."

ఇప్పుడు తెర వెనక
అరచేతిలో రవ్వ ముద్దవుతోంది.
మా ఇంటి రవ్వ కంటే ముతక.
నీళ్లు ఎక్కువ తాగుతోంది.
తొప్పి మీద అద్ది ఒక్క దెబ్బ వేశాను.
బరువుగా, కాస్త పరాయిగా పలికింది,
గడప దాటని చుట్టంలా.
శృతి కుదిరిందా అని తలుపులోంచి యజ్ఞేశ్వరి గారు.
ఇంకా లేదు.
మరో చిటికెడు.

రాత్రి గీకేసి లాడ్జి కిటికీలో పెడతాను.
నెల్లూరు రవ్వ, నెల్లూరు చీమలు,
వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు.