అప్పగింతలు

ఇదిగో మర్యున్, ఫోన్.
అంచు పగిలింది, అది నా పాపమే,
రేవు మెట్ల మీద జారవిడిచాను.
ఇక రాత్రుళ్లు ఇది నీ దిండు కింద పడుకుంటుంది.

క్లాక్స్‌విక్‌లో చేపల వేలం తెల్లవారుజామున ఐదింటికి.
పడవలు మన సర్వర్ కోసం ఆగవు.
కాడ్ చేప అసలే ఆగదు,
మంచు కరిగేలోపు ధర తేలాలి.

పాఠాలు చెప్పడం నాకు రాదు.
తెలిసిన నాలుగు ముక్కలూ
ఏదో ఒక రాత్రి నన్ను కొట్టి నేర్పినవే.

శుక్రవారం సాయంత్రం కొత్త కోడ్ పైకి పంపకు.
ఎందుకని నేనూ అడిగాను హానుస్‌ని.
జవాబు చెప్పలేదు,
కిటికీలోంచి పొగమంచు కమ్మిన నీళ్లు చూపించాడు.
నాకు అర్థం కాలేదు. పంపాను.
ఒక్క లైను.
శనివారం పొద్దున అది పెట్టెల్ని కిలోలుగా లెక్కేసింది,
నలభై పెట్టెల హాడక్ నలభై కిలోల ధరకి పోయింది.
పడవ యజమాని ఎయ్‌లీవుర్ నన్ను తిట్టలేదు.
గ్లవ్స్ తీసి నా కీబోర్డు పక్కన పెట్టి వెళ్లిపోయాడు.
తడి గ్లవ్స్.
ఆ వాసన మూడు రోజులుంది.

అప్పట్నుంచి కొలత చెప్పని అంకెని నమ్మను.
'బరువు' అని రాయకు, 'కిలోల్లో బరువు' అని రాయి.
పేరు పొడుగైతే వేళ్లు నొప్పెడతాయి, అంతే.

బ్యాకప్ ఉందన్నవాణ్ణి కాదు,
దాన్ని విప్పి చూశానన్నవాణ్ణి నమ్ము.
పదకొండు నెలలు ప్రతి రాత్రీ
ఒక ఖాళీ ఫైలుని భద్రంగా దాచుకున్నాం మేము.
చేతులు కాలాక చూస్తే
పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు.

కోపెన్‌హాగన్ నుంచి ఓ సలహాదారు వచ్చాడు ఆ ఏడాది.
ముద్దగా ఉన్న ప్రోగ్రాంని పద్నాలుగు ముక్కలు చేసి
తెల్లబోర్డు మీద గీశాడు. బొమ్మ చాలా బావుంది.
మేమేమో ముగ్గురం.
ఒక ముక్క దగ్గితే
ఏది దగ్గిందో వెతకడానికే తెల్లారిపోయేది.
రెండు చలికాలాలు కూర్చుని మళ్లీ మూడుగా కుట్టాను,
తూకం, వేలం, డబ్బు.
చేతులెన్నో లెక్కపెట్టుకున్నాకే గిన్నెలు కొనుక్కో.

లాగ్‌లో 'ఏదో తప్పు జరిగింది' అని రాయకు,
మూడింటికి నిద్ర లేచినదానికి ఆ సంగతి తెలుసు.
ఏ పడవ, ఏ పెట్టె, ఏ నిమిషం, అది రాయి.

ఫోన్ ఊరికే పదిసార్లు మోగితే
పదకొండోసారి నువ్వు లేవవు.
నిజం ఎప్పుడూ ఆ పదకొండోదే.
పనికిమాలిన గంటల నోరు ముందే నొక్కెయ్.

ఇంకా, వెనక్కి రావడం ముందు నేర్చుకో.
పాత రూపానికి తిరిగొచ్చే ఆదేశం ఒకటుంది,
గోడకి అంటించిన కాగితం మీద, నా చేతిరాతలో.
నెలకోసారి ఉత్తపుణ్యానికి నడిపి చూడు,
తుప్పు పట్టిన తాళం
మంటల్లోనే మొరాయిస్తుంది.

ఒక మాట మిగిలింది.
హాడక్ పోయిన సోమవారం మీటింగ్‌లో
అందరి ముందూ హానుస్ లేచి
'మనం తప్పు చేశాం' అన్నాడు.
ఆ 'మనం' దయ అనుకున్నాను, ఏడేళ్లు.
మొన్న నీకు అప్పగించాలని పాత మార్పుల చరిత్ర తిరగేస్తుంటే కనపడింది.
నా లైనుకి వారం ముందు
తూకాన్ని సరిచూసే పరీక్షని ఎవరో తీసేశారు,
నాలుగు నిమిషాలు తింటోందని.
పక్కన ఉన్న పేరు అతనిదే.
దయ కాదన్నమాట. లెక్క.
అయినా ఆ రోజు ఆ పేరు నేను చూసి ఉంటే
గ్లవ్స్ అతని బల్ల మీదికి తోసేసేదాన్నేమో,
అందుకని చూడకపోవడమే మంచిదయ్యింది.
నీ దగ్గర ఎవరైనా పొరపాటు చేస్తే
ముందు 'ఎలా' అని అడుగు.
'ఎవరు' అన్నది ఎటూ పోదు, చరిత్రలో పడి ఉంటుంది.

ఆ పరీక్ష మళ్లీ రాసి పెట్టాను.
ఇప్పుడూ నాలుగు నిమిషాలే.
కాఫీ పెట్టుకో, తీసెయ్యకు.

ఛార్జర్ రెండో సొరుగులో ఉంది.
తీగ కాస్త ఎడమకి వంచితేనే ఎక్కుతుంది.
బాగుచెయ్యాలి అనుకుంటూనే ఉన్నాను.