ఖాళీ బండి తూకం

పొదిలి బస్టాండు ఎదురుగా, ఎరువుల కొట్టు మీద మేడలో నా షాపు.
మాలకొండయ్య మెట్లెక్కి వచ్చి
ఉలవల మూట విప్పినట్టు తువ్వాలు విప్పాడు:
ఒక పాత హార్డ్ డిస్కు.
చీమకుర్తి రోడ్డులో లారీల కాటా మూతబడింది,
ఆఖరి రెండు నెలల జీతం కింద
ఓనరు కంప్యూటరు ఇచ్చాడు.
"మూడు ముక్కలు చూపిస్తంది రిజ్వానమ్మా, ఒకటే చెయ్యి."

వైరు తగిలించాను.
మధ్యలో పెద్ద ముక్క, గుమాస్తా ముందే తుడిచిపెట్టింది.
మొదట్లో నూరు ఎంబీ, చివర్న పదమూడు జీబీ,
సి కాదు డి కాదు,
ఏ అక్షరమూ లేని రెండు తావులు.
చివరిదాని మీద నొక్కితే
డిలీట్ అన్న మాట బూడిద రంగులో,
ఎంత పొడిచినా పలకలా.

"అదేంది, పోరంబోకా?"
ఇంచుమించు అంతే.
ఎప్పుడో పోయిన విండోస్
తన కోసం అట్టిపెట్టుకుని పాతిన రాళ్లు.

ఉండబట్టలేక మొదటిదానికి ఒక అక్షరం అరువిచ్చి తెరిచాను.
ఒక్క వేబిల్లు లేదు, ఒక్క లారీ నంబరు లేదు.
బూట్ ఫైళ్లు.
పొద్దున ఆరింటికి ఈయన స్విచ్చి వేస్తే
అన్నిటికన్నా ముందు లేచి
తక్కినవాటిని లేపి
పక్కకి తప్పుకున్నది ఇదే,
ఏడేళ్లు, తెర మీద ఒక్కసారీ కనపడకుండా.

చెప్పాను. గడ్డం గోక్కున్నాడు.
"ముందు ఖాళీ లారీని ఎక్కిస్తాం గదా,
దాని బరువు రాసుకోకపోతే
రాయి బరువెంతో బ్రహ్మకి కూడా తెలవదు.
చీటీలో మాత్రం అందరూ కింది అంకే చూస్తారు."

టీ వచ్చింది. కింద ఎవరో కనిగిరి కనిగిరి అని గొంతు చించుకుంటున్నారు.

నల్ల కిటికీ తెరిచాను.
సున్నా నా డిస్కు, ఒకటి ఆయనది.
రెండుసార్లు చూసుకున్నాను,
ఒకరి పెళ్లి ఆల్బం మొత్తం తుడిచేసిన వేళ్లు ఇవి.
డిలీట్ పార్టిషన్.
కుదరదంది.
చివర ఇంకొక్క మాట చేర్చాను, ఓవర్‌రైడ్.
ఈసారి ఎదురు చెప్పలా.
మిగతావీ పోయాయి. తెర మీది పట్టీ
ఈ కొస నుంచి ఆ కొసకి నల్లబడింది,
గట్లు తీసేసిన రేగడి చేను.

కొత్త అక్షరం పెట్టి చూపిస్తే
తెర వంక, డిస్కు మీది కాగితం వంక చూసి మొహం మార్చాడు.
"అయిదొందలని రాసుంది.
నాలుగొందల అరవై అయిదే చూపిస్తందే,
ముప్పై అయిదు యాడ కొట్టేశారు?"
పదిహేడేళ్లు కాటా దగ్గర కూర్చున్న మనిషి!
కంపెనీకి వెయ్యి అంటే వెయ్యి,
మెషీనుకి వెయ్యిన్నీ ఇరవై నాలుగు,
లెక్కలు వేరని చెప్పబోయాను.
"మా దగ్గరా రెండు లెక్కలుండేవిలే" అని నవ్వాడు.

ఇందులో ఏం దాస్తావంటే చెప్పలా.
నూటయాభై బల్ల మీద పెట్టి
డిస్కు అరచేతిలోకి తీసుకున్నాడు,
కళ్లు మూసుకుని, మణికట్టు కొంచెం కిందికీ పైకీ.
"ఇంత తీసేశావు గదమ్మా,
గ్రాము తగ్గలా."