భాస్వరం

దేవరకొండ దాటినంక, డిండి వాగు పక్కన
ఊరోళ్ళు రాకాసి గుడి అనే గుండ్ల వలయం కాడికి
నన్నెందుకు రమ్మన్నరో మొదటిరోజు అర్థం కాలేదు.
నేను భూసార పరీక్షలోణ్ణి.
ఇరవై ఏండ్లుగ ఈ తాలూకా రైతులకు
ఒకటే మాట రాసిచ్చిన చెయ్యి నాది:
భాస్వరం, తక్కువ.

తవ్వకం ముబీనా మేడంది.
నాలుగు బండలు నిలబెట్టి మీదొకటి మూసిన పెట్టెల
కుండలున్నయి,
ఇనుప కత్తి ఒకటి, తుప్పే దానికి ఒర.
మనిషి మాత్రం లేడు.
ఎముకల డాక్టరు ఎలీషమ్మ మూడురోజులు బ్రష్షుతో వెతికి
నా దిక్కు తిరిగింది, దొంగను పట్టుకున్నట్టు:
"మీ ఎర్రమట్టి నా ఎముకల్ని తినేసిందండీ."
నా మట్టట!
మట్టి తరఫున తలొంచుకుని నిలబడ్డ.

బువ్వ కాడ మా మాటలు కలవవు.
పొర అంటే నాకు తడి, ఇసుక పాలు.
పొర అంటే ముబీనాకు మూడు తరాలు.
లోపల నలుపు బయట ఎరుపు కుండ చూపిస్తూ
ఆమె ఏదో సిద్ధాంతం మొదలుపెట్టిందో లేదో
పార పట్టుకున్న కుమ్మరి ఊశయ్య అడ్డమొచ్చిండు:
"బోర్లేసి కాల్చిండ్రు మేడం. గాలాడలే. గంతే."
ఆమె సిద్ధాంతం ఆపి పుస్తకం తీసింది.
"మీ ఇంటిపేరు?"

నాకొచ్చిన పని నేను చేసిన.
పెట్టె అడుగున బెత్తెడు బెత్తెడుకు దారాలు కట్టి
గడికొక చెంచాడు, నూట నలభై పొట్లాలు.
నల్లగొండ ల్యాబుల
ఎంత భాస్వరముంటే అంత నీలం తేలుతది.
గాజుగొట్టాలను గడుల వరసలోనే నిలబెట్టిన.
వెలిసిన నీలం, వెలిసిన నీలం, వెలిసిన నీలం,
నడుమ ఒక్కసారిగ చిక్కటి నీలం
పక్కకు ఒత్తిగిలి
మోకాళ్ళు ముడుచుకుని.

ఎముక పోయింది.
ఎముకలున్నది పండుకున్న చోటనే ఉన్నది.

ఎలీషమ్మ టేపు పెట్టి కొలిచింది.
"పిల్ల అని రాయకండి,
పెద్దోళ్ళను గూడ ముడిచి పెడతరు."
గంటసేపు కొట్లాడినం. చాయ్ చల్లారింది.

ఆ మర్నాడు జల్లెడ కాడ ఈదమ్మ చెయ్యి చాపింది.
అరచేతిల బియ్యపు గింజంత తెల్లటి డొల్ల,
పక్కన ఇంకొకటి, కొంచెం పెద్దది.
ఎలీషమ్మ అద్దాలు తుడుచుకుని, మళ్ళ తుడుచుకుని,
ఒకటి పాలపన్ను అన్నది.
రెండోది చిగుళ్ళు దాటి బయటికి రానే లేదు.
ఆరేండ్లుంటయేమో.
"ఊడనన్న ఊడలే," ఈదమ్మ జల్లెడ కింద పెట్టింది,
"ఊడితే పేడల పెట్టి ఇంటి మీదికి ఎగరేస్తుండె."

వ్యాసం మీద ఎవరి పేరు ముందన్న తగువు
ఇంకా తెగలేదు.
ఈదమ్మ పేరు ఉండాలని ముబీనా,
చివర్ల కృతజ్ఞతలు చాలవా అని పై ఆఫీసు.

చేను పట్టాదారు జంగయ్య వచ్చి
నీలం పటం మీదికి వంగిండు.
"ఏం తేలింది సార్ నా భూమిల?"
"ఈడ భాస్వరం ఎక్కువున్నది."
"ఎక్కువుంటే మంచిదే గద!"

కార్డు మీద మూడు మాటలే అచ్చేసి ఉంటయి.
తక్కువ, మధ్యస్థం, ఎక్కువ.
చివరిదానికి సున్న చుట్టిన, మొదటిసారి.
దాని కింద సిఫారసు అని ఒక గడి,
ఏ పంట వేయాలె, ఎంత ఎరువు చల్లాలె.

జంగయ్య ఎదురుచూస్తున్నడు.
పెన్ను మూత పెట్టిన.