కొసరు

బ్ర్నోలో నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు.
ట్రాము నడిపిన ఓటకర్ కుల్హానెక్ పోయి ఏడు నెలలు.
ఆయన కూడబెట్టిన కాగితాలకు వెల కట్టమని
వేలంశాల వాళ్ళు నన్ను పంపారు,
ఒక భూతద్దం, ఒక జత తెల్ల చేతొడుగులు ఇచ్చి.

పదకొండు అట్టపెట్టెలు, అన్నీ బూట్లవి.
మూతల మీద గుండ్రటి రాత:
క్వార్టెట్లు. త్రయాలు. ఊదేవాళ్ళు.
ఒకదాని మీద మాత్రం, ఇంకా తేలలేదు.

పెద్ద ఆర్కెస్ట్రాలంటే ఆయనకు గిట్టేది కాదట.
"ఎనభైమందిలో తప్పెవరిదో ఎవడు పట్టుకుంటాడు?
నలుగురైతే దాక్కోవడానికి చోటుండదు"
అనేవాడని ద్రహోమీరా చెప్పింది,
నా కాఫీని కాగితాలకు దూరంగా, కిటికీ గట్టు మీద పెడుతూ.

భూతద్దం కింద మనుషులు బయటపడతారు.
మొదటి వయొలిన్ సంతకం అంచు దాకా సాగుతుంది,
రెండో వయొలిన్ దాని నీడలోనే సర్దుకుంటుంది.
వయోలా ఆయన తేదీ కూడా వేస్తాడు, ఎవరూ అడక్కపోయినా.
చెల్లో వాయించిన వేళ్ళకి కచేరీ అయ్యాక కూడా
కంపనం ఆగదు కాబోలు,
సిరాలో సన్నటి అలలు.

ఒక కవరులో తెగిన పేగుతీగ, కుబుసంలా చుట్టుకుని.
అగ్గిపెట్టెలో తేనెరంగు గుగ్గిలం పలుకు.
ఒక అర టికెట్టు: ఆఖరి ట్రామెక్కిన ఎవరో
తన చెల్లోకి కూడా నిజాయితీగా కొన్నది.
వెనక సంతకం. దాని కింద ఓటకర్ రాసుకున్నాడు,
"వాద్యం నిద్రపోయింది. ఆయన పోలేదు."

ఆ తర్వాత ఇది.
నవంబరు, డెబ్భై నాలుగు. పియానోతో క్వింటెట్.
మనుషులు ఐదుగురు, సంతకాలు ఆరు.
ఆరోది పెన్సిలుతో, కింద మూలకి ఒదిగి,
బల్ల అంచున కూర్చున్న పిల్లలా.
జాబితాలన్నీ వెతికాను, ఎక్కడా లేదు.
మా వ్యాపారంలో తెలియని చెయ్యి పడితే
కాగితం వెల సగానికి పడిపోతుంది.

"అది నాది" అంది ద్రహోమీరా.

"పియానో పక్కన కూర్చుని పేజీలు తిప్పాను ఆ రాత్రి.
నల్ల గౌను మా అక్కది, నడుం దగ్గర మూడు పిన్నీసులు.
వాళ్ళ వరస అయ్యాక ఇతను నా దగ్గరికొచ్చాడు.
నేనేం వాయించలేదండీ అన్నాను.
'చూశాను. మీరొక్క లిప్త ఆలస్యమైతే
వాళ్ళూ వాయించేవాళ్ళు కారు' అన్నాడు."

ఐదు కొని ఒకటి కొసరడిగాడన్నమాట,
బేరం తెలిసినవాడు.
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"తర్వాత నలభై నాలుగేళ్ళు
నా సంతకం ఎప్పుడూ అడగలేదు,
బ్యాంకు కాగితాల మీద తప్ప."

బయట ట్రాము మలుపు తిరిగింది. కప్పు సాసరులో వణికింది.

వృత్తిధర్మం కొద్దీ అన్నాను,
పెన్సిలే కదా, మెత్తటి రబ్బరైతే మచ్చ లేకుండా పోతుంది,
ధర నిలబడుతుంది.
ఆమె కళ్ళజోడు వెతుక్కుని, పెట్టుకుని,
చాలాసేపు చూసింది, ఎవరిదో పాత ఫొటో చూసినట్టు.
"ఇలాగే ఉంటే ఏమని రాస్తారు?"
"గుర్తు తెలియని చేతిరాత."
"అలాగే రాయండి" అంది. "తప్పేం కాదు."

రాస్తూ పోయాను. నా పద్దుపుస్తకంలో
పుట అడుగంటుతోంది.
ఎప్పుడొచ్చి నిలబడిందో నా ఎడం భుజం వెనక,
నేను ఆఖరి గీతకి చేరే ముందే
పై మూల రెండు వేళ్ళతో పట్టుకుని
చప్పుడు లేకుండా తిప్పింది.